గాజు ఇల్లు కాదు, చలువ పందిరి కావాలి

ఈ మధ్య ఎక్కడ విన్నా గ్రీన్‌హౌస్, పాలీహౌస్ అనే మాటలే. పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, రైతు సదస్సుల్లో ఉన్నాయి, సైన్స్ ఫెయిర్లలో అట్టముక్కలతో చేసే నమూనాల్లోనూ ఉన్నాయి. మన హాస్టల్ పెరట్లో కూడా ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పుతో ఇనుప పైపుల మీద ప్లాస్టిక్ షీటు కప్పిన చిన్న గ్రీన్‌హౌస్ ఒకటి వెలిసింది. కార్తీకం నుంచి మాఘం దాకా అందులో నారు చక్కగా పెరిగింది. చైత్రం వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అందులో నిలబడడమే కష్టమైపోయింది. దానికి ఫ్యాన్లు, తడి పరదాలు ఉన్న కూలింగ్ ఏర్పాటు కావాలని కొందరు మిత్రులు అంటున్నారు. అసలు పీకేయాలని మరికొందరు అంటున్నారు. ఈ రెండూ సరికాదనీ, మన వాడరేవు తీరానికి తగిన మూడో దారి ఒకటుందనీ నా అభిప్రాయం.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గ్రీన్‌హౌస్ పుట్టింది చలిదేశాల కోసం. హాలండు వంటి చోట్ల ఎండ తక్కువ, చలి ఎక్కువ. వచ్చిన కాస్త వేడినీ పోనివ్వకుండా పట్టి ఉంచడానికే గాజు గోడలు. మన దేశంలోనే లడఖ్‌లోని లేహ్ వంటి చోట, నీళ్ళు గడ్డకట్టే చలిలో కూరగాయలు పండించడానికి ఇది వరమైంది. అంటే గ్రీన్‌హౌస్ చేసే పని వేడిని బంధించడం. మనకు కావలసింది వేడిని బయటకు పంపడం. ఈ తేడా గమనించకుండా కట్టేసి, తర్వాత అది వేడెక్కుతోందని బాధపడితే తప్పు గ్రీన్‌హౌస్‌ది కాదు.

ఎంత వేడి అంటారా? లెక్క వేద్దాం. వేసవి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు నేల మీద పడే ఎండ శక్తి దాదాపు 1000 వాట్లు. మన గ్రీన్‌హౌస్ విస్తీర్ణం 200 చదరపు అడుగులు, అంటే సుమారు 18 చదరపు మీటర్లు. ప్లాస్టిక్ షీటు కొంత ఎండను ఆపినా, దాదాపు 15 కిలోవాట్లు లోపలికి వస్తుంది. పదిహేను ఇస్త్రీ పెట్టెలను ఒక చిన్న గదిలో పెట్టి, తలుపులు మూసి, స్విచ్ వేసినట్లు! ఇంత వేడిని లోపలికి రానిచ్చి, ఆ తర్వాత చల్లబరచాలనుకోవడం కంటే, దారిలోనే ఆపడం తెలివైన పని కాదా?

ఇక కూలర్ సంగతి. తడి పరదా చల్లదనం ఇచ్చేది నీరు ఆవిరవడం వల్ల. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ అందుకే. గాలి పొడిగా ఉంటే నీరు త్వరగా ఆవిరవుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి కాదు. పల్నాటిలోని రెంటచింతల ఎండలకు పేరుమోసిన ఊరు. అటువంటి చోట ఎండ 40 డిగ్రీలు, గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు మంచి తడి పరదా గాలిని 30 డిగ్రీల దాకా దించగలదు. మన తీరంలో సముద్రపు గాలి వీచే వేళ ఎండ 34 డిగ్రీలే ఉన్నా తేమ 75 శాతం ఉంటే, అదే పరదా 31 డిగ్రీలకు మించి దించలేదు. దక్కేది మూడు డిగ్రీలు. పైగా అంత ఉక్కలో తేమ పెంచితే నారుకుళ్ళు తెగులును పిలిచి పీట వేసినట్లే.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. మన ఇసుక నేలల కింద మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరలా తేలుతూ ఉంటుంది. మంచినీరు తేలిక కాబట్టి పైన నిలుస్తుంది. లోతుగా బోరు దించి ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. అందుకే మన పెద్దలు లోతు బావుల జోలికి పోకుండా వెడల్పుగా దొరువులు తవ్వి, పై పొర నీటిని కడవలతో ముంచి మొక్కలకు పోశారు. బాపట్లలో ఉప్పునీటి సమస్య మీద పరిశోధించిన వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ దొరువు పద్ధతినే మెరుగుపరిచి రైతుల ముందుంచారు. ఇటువంటి చోట తడి పరదా మీద రోజంతా నీళ్ళు పారించడం భావ్యం కాదు. నీటిలో కాస్త ఉప్పున్నా పరదా రంధ్రాలు పూడుకుపోతాయి.

మరి ఏం చేయాలి? నా సూచనలు ఇవి.

ఒకటి. ఫాల్గుణం రాగానే పక్కల ప్లాస్టిక్ పూర్తిగా చుట్టి పెట్టాలి. వీలైతే పైకప్పు ప్లాస్టిక్ కూడా తీసి, 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ వేయాలి. ప్లాస్టిక్ ఉంచాల్సి వస్తే నెట్‌ను దానికి లోపల కాక, పైన ఒక అడుగు ఎడంగా కట్టాలి. లోపల కడితే నెట్ వేడెక్కి ఆ వేడిని మొక్కల మీదికే వదులుతుంది. బయట కడితే ఆ వేడి గాలికి కొట్టుకుపోతుంది. నెట్ కొనే డబ్బు లేకపోతే తాటాకులు, కొబ్బరి మట్టలు పలుచగా పరిచినా చాలు.

రెండు. గాలికి దారి ఉండాలి. నేల విస్తీర్ణంలో కనీసం ఐదో వంతు ఖాళీ కావాలంటారు. మనకైతే 40 చదరపు అడుగులు. పురుగులు రాకుండా సన్నజాలీ కడితే గాలి తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ వదలాలి. సముద్రపు గాలి వచ్చే తూర్పు, ఆగ్నేయ దిక్కులు తెరిచి ఉంచాలి. వేడిగాలి పైకి లేస్తుంది కనుక కప్పు శిఖరాన సందు వదలాలి.

మూడు. పడమటి వైపు అవిసె మొక్కలు వరసగా నాటాలి. పొన్నూరు, బాపట్ల ప్రాంతాల తమలపాకు తోటలు చూసినవారికి ఇది కొత్త కాదు. అవిసె చెట్టే తమలపాకు తీగకు ఊత, అదే గొడుగు. నీడ ఎక్కువైతే కొమ్మలు నరుకుతారు, ఎండలు ముదిరితే వదిలేస్తారు. అమర్చుకునే నీడ ఇంతకంటే చవకగా ఎక్కడ దొరుకుతుంది?

నాలుగు. ఇసుక నేల ఎండకు పెనంలా కాలుతుంది, నీటిని పట్టి ఉంచదు. మొక్కల మొదళ్ళలో వరిగడ్డి గానీ, వేరుశనగ పొట్టు గానీ, కొబ్బరి పొట్టు గానీ పరవాలి. మడుల మధ్య మట్టికుండలు పాతి నీళ్ళు నింపితే వేళ్ళకు చెమ్మ నెమ్మదిగా అందుతుంది.

ఐదు. నీళ్ళు చల్లడం పూర్తిగా మానమనను. పడమటి వడగాలి సముద్రపు గాలిని రానివ్వని రోజులుంటాయి. ఆ రోజుల్లో గాలి పొడిగా ఉంటుంది, పడమటి వైపు తడి గోనెపట్టాలు కడితే బాగా పనిచేస్తాయి. ఏ రోజు ఎటువంటిదో తెలుసుకోవడానికి రెండు థర్మామీటర్లు చాలు. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టాలి. రెండింటికీ ఎనిమిది డిగ్రీలకు మించి తేడా ఉంటే గోనెపట్టాలు తడపండి. నాలుగులోపు ఉంటే నీళ్ళు దాచుకోండి.

ఇంత చేసినా మే నెలలో టమాటా కాయదు. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 25 డిగ్రీల కంటే తగ్గకపోయినా టమాటా పుప్పొడి బలహీనపడి పూత రాలిపోతుంది. మన తీరంలో వేసవి రాత్రులు అంత చల్లబడవు. కాబట్టి వేసవిలో తోటకూర, బచ్చలి, పుదీనా పెంచుకుందాం. తొలకరికి వంగ, మిరప నారు పోసుకుందాం. ఋతువుతో పోట్లాడడం కంటే దానితో ఒప్పందానికి రావడం మేలు.

"ఇది మన తాతల నాటి పందిరి, ఇందులో సైన్స్ ఏముంది?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఎండ ఎంత పడుతుంది, గాలి ఎటు వీస్తుంది, నీరు ఎంత ఉంది అని కొలిచి చేసే పని సైన్స్ కాకపోతే మరేది సైన్స్? పొడిగాలి ఉన్న హైదరాబాద్ చుట్టుపక్కల పాలీహౌస్‌లలో ఫ్యాన్లూ పరదాలూ పెట్టి కాప్సికం, పూలు పండిస్తున్నారంటే అక్కడికది తగినదే. మనకు మరో ప్రమాదం కూడా ఉంది. 1977 నవంబరు ఉప్పెనను మన తాతలు ఇప్పటికీ తలచుకుంటారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి గాలికి ప్లాస్టిక్ ఇల్లు తెరచాపలా లేచిపోతుంది. సరుగుడు కర్రల పందిరికి కప్పిన నెట్‌నైతే తుఫాను హెచ్చరిక రాగానే ఒక పూటలో విప్పి లోపల పెట్టుకోవచ్చు. ఉప్పుగాలికి పైపులు తుప్పు పట్టే బాధా లేదు.

మిత్రులారా! ఈ లెక్కలన్నీ వేస్తున్నప్పుడు నాకు మరో లెక్క తట్టింది. మొక్కల మీద పడే ఎండే మన గదుల మీదా పడుతోంది. 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న శ్లాబు మీద మధ్యాహ్నం పడేది 70 కిలోవాట్ల పైమాటే. పగలంతా ఆ వేడిని తాగిన శ్లాబు రాత్రంతా దాన్ని కిందికి వదులుతుంది. పబ్లిక్ పరీక్షలు వచ్చేది సరిగ్గా ఎండలు ముదిరే రోజుల్లోనే. చాపలు వరండాలోకి లాక్కుని, నిద్ర చాలక, పొద్దున్నే పరీక్షకు వెళ్ళే పదో తరగతి పిల్లలు ఎన్ని హాస్టళ్ళలో లేరు? 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండ అంటే ఉక్కపోత మాత్రమే కాదు, ప్రాణాపాయం కూడా.

నారుమడికి పనికొచ్చిన సూత్రమే గదికీ పనికొస్తుంది. ఎండను దారిలోనే ఆపాలి, వేడిగాలికి దారి ఇవ్వాలి. శ్లాబు మీద తెల్లని సున్నం రెండు పూతలు వేస్తే చాలా ఎండ వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానానికి మూలం ఇదే. పడమటి గోడ పక్కన అవిసె, వేప నాటవచ్చు. కప్పుకు దగ్గరగా ఉండి, అట్టలతో మూసేసిన వెంటిలేటర్లను తెరిచి జాలీ కొట్టవచ్చు. వీటికి పెద్ద నిధులు అక్కర్లేదు. నారు వాడిపోతుందని నెట్ అడిగిన మనం, మన కోసం సున్నం అడగడానికి ఎందుకు మొహమాటపడాలి? ఇది దయతో ఇచ్చేది కాదు, చదువుకునే పిల్లలకు దక్కాల్సిన వసతి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలేటప్పుడు కాదు, మాఘంలోనే ఈ పనులు మొదలుపెట్టాలి. వార్డెన్ గారికి నా మనవి ఒకటే. కూలర్‌కు పెట్టాలనుకుంటున్న డబ్బులో కొంత నెట్‌కు, మిగిలింది శ్లాబుపై సున్నానికి ఖర్చు చేయించండి. పని చేయడానికి మేమున్నాం. పందిరిలో ఒక థర్మామీటరు, పడకగదిలో ఒక థర్మామీటరు పెట్టి, రోజూ మధ్యాహ్నం రెండింటికీ, రాత్రి పదింటికీ చూసి నోటీసు బోర్డు మీద రాద్దాం. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ అంకెలే అచ్చు వేద్దాం. నా వాదన తప్పో ఒప్పో అప్పుడు అందరూ చూసి చెప్పవచ్చు.