ఆంగ్లపదార్థబోధలో కవిప్రయోగము

ఆంగ్లపదమున కెదురుగా ఒక తెలుగు పదము వ్రాసి వల్లె వేయించుటతో పదార్థబోధ ముగిసినదని తలచుట ప్రాచ్యవిద్యాలయములకు తగదు. నైయాయికులు శక్తిగ్రహోపాయము లెనిమిది చెప్పిరి. కోశము అందొకటి మాత్రమే. వ్యవహారము, వాక్యశేషము, సిద్ధపదసాన్నిధ్యము వేరుగా పరిగణింపబడినవి.

‘లెట్’ అను క్రియ ఇందులకు మంచి నిదర్శనము. దీనికి ‘అనుమతించు’ అని మాత్రమే నేర్చిన విద్యార్థికి, షేక్స్పియరు ‘హామ్లెట్’ ప్రథమాంకమున తండ్రి ప్రేతము వెంట పోనీయక పట్టుకొన్న మిత్రులను రాకుమారుడు బెదిరించు వాక్యము పూర్తిగా తలక్రిందుగా బోధపడును. అచ్చట అర్థము ‘అడ్డగించు’. ప్రాచీనాంగ్లమున భిన్నములైన రెండు క్రియలు కాలక్రమమున ఏకరూపమును పొందుటయే దీనికి కారణము. భారతీయ పాస్‌పోర్టులోని ఆంగ్ల అభ్యర్థనలో, నామరూపమున, ఆ మరుగుపడిన అర్థమే నేటికిని నిలిచియున్నది, చదివినవారెందరు గమనించిరో! సందర్భముతో కూడిన వాక్యమే ఈ చిక్కును విప్పగలదు.

1755లో ప్రకటించిన నిఘంటువున శామ్యూల్ జాన్సన్ అర్థభేదములను చూపుటకు లక్షకు పైగా గ్రంథవాక్యముల నుదాహరించెను. అయితే వానిని పెక్కుచోట్ల కుదించెను. పీఠికలో ఆ మాట తానే ఒప్పుకొనెను. కావున నిఘంటువులోని తునకతో తృప్తిపడక, అధ్యాపకుడు మూలగ్రంథమును తెరచి ముందువెనుకల వాక్యములనుగూడ చూపవలెను. కవిప్రయోగము అసాధారణమను ఆక్షేపము కొంత నిజమే. తోడుగా ఒక గద్యవాక్యమును చేర్చిన చాలును. ప్రశ్నపత్రములలో విడిపదమునకు అర్థమడుగుట మాని, వాక్యమిచ్చి అందలి అర్థమును, దానిని నిర్ణయించిన పదమును అడుగుట ఉచితము.