హద్దులు ఎవరి కోసం?

సాంస్కృతిక అధ్యయనాలు ఒక ప్రత్యేక శాస్త్రమా, అనేక శాస్త్రాలు కలిసే చోటా? ఇది పండితుల తగాదా అని మనం పక్కన పెట్టలేం.

1964లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ హోగార్ట్ ప్రారంభించిన కేంద్రం సాహిత్యం, సమాజశాస్త్రం, చరిత్రల మధ్య గోడలు దాటి శ్రామికుల జీవితాన్ని చదివింది. అయినా స్త్రీల ప్రశ్న దానంతటదే రాలేదు. అక్కడి మహిళా అధ్యయన బృందం పూనుకుంటేనే 1978లో ‘విమెన్ టేక్ ఇష్యూ’ వెలువడింది. గోడలు లేనంత మాత్రాన మనకు చోటు దొరకదన్నమాట. ప్రత్యేక విభాగమైతే రక్షణ ఉంటుందా? అదీ లేదు. 2002లో ఆ విశ్వవిద్యాలయమే ఆ విభాగాన్ని మూసేసింది.

మన దగ్గర తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో తెచ్చింది స్త్రీశక్తి సంఘటన, ఏ చరిత్ర శాఖా కాదు. అది చరిత్రా, సాహిత్యమా, రాజకీయమా? మూడూను.

అందుకే దీన్ని ఒక శాస్త్రం చట్రంలో బిగించకూడదని నా అభిప్రాయం. ఉద్యోగాలు, నిధులు, గ్రంథాలయం కావాలి. వాటి కోసం విభాగం అడుగుదాం. కానీ ఏ ప్రశ్న అడగాలో మాత్రం ఉద్యమమే నిర్ణయించాలి. ఆ హక్కును విశ్వవిద్యాలయానికి వదిలేస్తే మన జీవితాలు మళ్ళీ ఎవరి పరిశోధనకో ముడిసరుకుగా మిగులుతాయి.