తెర మీది జడ

ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర. అటొకటి ఇటొకటి కాగడాలు. వాటి మీద గుగ్గిలం పొడి చల్లగానే భగ్గుమన్న వెలుగులో ముందు ఓ పొడవాటి జడ తెర మీదుగా ఈవలకు వచ్చి పడుతుంది. మనిషి తర్వాతెప్పుడో గానీ కనిపించదు. కూచిపూడివారి భామాకలాపంలో సత్యభామ రాక ఇదీ. ఆ జడ సింగారానికి వేసింది కాదనీ, సవాలుగా విసిరిందనీ కూచిపూడి పెద్దలు చెబుతూ వచ్చారు. సభలోని పండితుల్లో ఎవరైనా శాస్త్రంలోనో అభినయంలోనో భామను ఓడిస్తే ముందుకొచ్చి ఆ జడ కోసెయ్యవచ్చు. జడ విసిరింది మగవాడన్న సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసినా తెర దిగేసరికి ఎవరికీ గుర్తుండేది కాదు.

సభకు సవాలు విసరడం మనవాళ్లకే పరిమితం కాదు. 1974లో ఇటలీలోని నేపుల్స్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే యుగోస్లావియా కళాకారిణి 72 వస్తువులు బల్ల మీద పరిచి, వీటితో నన్నేం చేసినా సరేనని ఆరు గంటలు ప్రేక్షకుల మధ్య నిలబడింది. అందులో గులాబీ ఉంది, కత్తెర ఉంది, తూటాతో సహా తుపాకీ కూడా ఉంది. కళ హద్దులు చెరిపిందెవరన్న మాట వస్తే ప్రపంచం ఇప్పటికీ ఆ ప్రదర్శనే తలచుకుంటుంది. తలచుకోదగ్గదే. ఆమె పెట్టింది ప్రాణం, మనవాళ్లు పెట్టింది పరువు. పాత కృష్ణా జిల్లాలో పరువు తక్కువ పందెమేం కాదు.

ఆ జడ పరువును మన కాలంలో అందరికన్నా బాగా నిలబెట్టినవారు వేదాంతం సత్యనారాయణ శర్మ. 1935లో కూచిపూడిలో పుట్టారు. అన్నగారు ప్రహ్లాద శర్మ, వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి, చింతా కృష్ణమూర్తి వంటి హేమాహేమీల దగ్గర నేర్చుకున్నారు. కృష్ణమూర్తి గారి వెంకట్రామ నాట్యమండలి మేళంలో ఊరూరా ఆడారు. భామాకలాపంలో సత్యభామ, ఉషాపరిణయంలో ఉష, గొల్లకలాపంలో గొల్లభామ, ఏది కట్టినా ఆయనదే వేషమనిపించుకున్నారు. 1961లో, పాతికేళ్లు దాటీ దాటని వయసులో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ వచ్చాయి.

ఆయన గొప్పతనం వేషంలో కన్నా భామ బింకం విరిగే తీరులో ఉంది. అద్దం ముందు ఇద్దరిలో ఎవరు అందగాళ్లన్న దగ్గర తగువు మొదలై కృష్ణుడు వెళ్లిపోతాడు. తగ్గనన్న మనిషే కూర్చుని లేఖ రాయాలి. ఏమని మొదలుపెట్టాలో తోచదు, రాయకుండా ఉండనూ లేదు. మెడ ఇంకా వంగదు, కళ్లు మాత్రం ఎప్పుడో ఓడిపోయాయి. మిగిలిన కొద్దిపాటి వీడియోల్లో చూసినా ఇది తెలుస్తుంది. నడకలో వయ్యారం ఒలికించడం ఎవరైనా సాధన చేయగలరు. అలిగిన మనిషి లోపల జరిగే ఈ పెనుగులాటకు మాత్రం ఆడా మగా తేడా లేదని, ఆయన దాన్ని చూపించిన పద్ధతి వల్లే తెలిసింది.

అయితే హద్దులు దాటినవారి వరుసలో శర్మగారిని నిలబెడితే ఆయనే నవ్వి ఉండేవారేమో. ఆయన దాటిందేమిటి? ఊళ్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ ఒక్కసారైనా భామ వేషం కట్టాలన్నది భామాకలాపం కూర్చిన సిద్ధేంద్ర యోగి మాటగా కూచిపూడిలో చెప్పుకుంటారు. అక్కడ మగవాడు చీర కట్టడం ఇంటి పని చేసినంత మామూలు. ఆ కూచిపూడికి కూతవేటు దూరంలోనే మొవ్వ. విరహంలో వేగే నాయిక గొంతుతో పదాలు కట్టిన క్షేత్రయ్యది ఆ ఊరేనని మన నమ్మకం. కృష్ణకు ఇవతలి వైపున బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో చిత్రాంగిగా, రోషనారగా, సత్యభామగా జనాన్ని ఊపేసి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సత్యభామ కోసం ఆయన సొంతంగా రాసుకుని పాడిన పాటనే 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో సుశీల పాడగా జమున అభినయించారు. మగవాడు ఆడదానికోసం అల్లిన గొంతు మళ్లీ ఆడవారి దగ్గరికే చేరింది.

నిజానికి ఆ కాలంలో గీత దాటినవారు లక్ష్మీనారాయణ శాస్త్రి. ఊళ్లో ఆడపిల్లలు గజ్జె కట్టడమన్నదే లేని రోజుల్లో బయటి స్త్రీలకు ఈ నాట్యం నేర్పారు. ఆ దారిని రహదారి చేసింది వెంపటి చినసత్యం. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, శోభానాయుడు వంటివారిని సత్యభామలుగా తీర్చిదిద్దారు. ఒక తరం తిరిగేసరికి కూచిపూడి అంటే అమ్మాయిల నాట్యమైంది. 2016 డిసెంబరులో విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో 6,117 మంది ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అంతమంది చేత ఒకే అడుగు వేయించడంలో కళ ఎంత, కసరత్తు ఎంత అన్న సందేహం మాకింకా తీరలేదు.

ఈ మార్పు మధ్య శర్మగారు ఉన్నచోటే ఉన్నారు. చిన్నప్పుడు ఎవరూ వింతగా చూడని పని పెద్దయ్యాక వింతగా, వృద్ధాప్యంలో సాహసంగా కనిపించింది. విదేశీ పరిశోధకులు వచ్చి చూశారు, డాక్యుమెంటరీ వచ్చింది. ఆడ వేషాల్లో మరాఠీ రంగస్థలం మీద బాలగంధర్వకూ, చైనాలో మెయ్ లాన్‌ఫాంగ్‌కూ ఉన్న వరుసలో ఆయన పేరూ చేరింది. 2012లో జులైలో చినసత్యం, నవంబరులో సత్యనారాయణ శర్మ కన్నుమూశారు. ఒకే ఊరివారు. ఒకరు భామ వేషాన్ని ఆడపిల్లల చేతికి అప్పగించారు, మరొకరు తనదాకా వచ్చినదాన్ని విడవలేదు. వీరిలో సంప్రదాయవాది ఎవరంటే తేల్చి చెప్పడం మావల్ల కాదు.

ఒక్క సంగతి మాత్రం చెప్పుకోక తప్పదు. మగవాడు ఆడదై ఆడవచ్చన్న ఈ ఉదారత కూచిపూడిలో కొన్ని బ్రాహ్మణ కుటుంబాల గడప లోపలిదే. అదే భామాకలాపాన్ని గోదావరి వైపు దేవదాసీ సంప్రదాయానికి చెందిన కలావంతులు తరతరాలుగా ఆడారు. వాళ్లు ఆడవాళ్లే, సత్యభామ వేషానికి సవరం తప్ప మరో మాయ అక్కర్లేనివాళ్లు. 1947 నాటి దేవదాసీ చట్టం, అంతకు ముందునుంచీ సాగిన సంస్కరణ ఉద్యమం కలిసి వాళ్ల ఆటను అవమానం కింద జమకట్టాయి. చీర కట్టిన మగవాడికి పద్మశ్రీ, చీర కట్టుకునే పుట్టిన కళకు మౌనం. చట్టం ఉద్దేశం మంచిదే. పోయిన నాట్యం లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.

భామాకలాపంలో మాధవి అనే పాత్ర ఉంది. సత్యభామ పక్కన ఉన్నంతసేపూ చెలికత్తె మాధవి, కృష్ణుడి దగ్గరికి వెళ్లగానే చెలికాడు మాధవుడు. వేషం మారదు, నటుడూ మారడు. ఎదుటి మనిషిని బట్టి ఆడో మగో అవుతాడు, మధ్యలో హాస్యం పండిస్తాడు. పల్లెటూరి జనం అర్ధరాత్రి దాకా కూర్చుని ఇది చూసి, తెల్లారి నాట్లకు వెళ్లారు. దీన్ని విడమరిచి చెప్పడానికి ఇప్పుడు సెమినార్లు పెడుతున్నాం.

ఈమధ్య కాలంలో సత్యభామగా పేరు తెచ్చుకున్న మగవారిలో హలీం ఖాన్ ఒకరు. ఒంగోలువాడు, ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు. అగ్రహారం లేదు, వంశం లేదు, వెనక మేళం లేదు. శర్మగారికి పుట్టుకతో వచ్చిన అర్హత ఇతనికి అడుగడుగునా నేర్చుకుంటే వచ్చింది. మన సభల్లో ఇతన్ని పరిచయం చేసేటప్పుడు ముందు మతం చెప్పి, తర్వాత అభినయం చెప్పే అలవాటు ఇంకా పోలేదు.