చెత్తబండి కీచుమంటే...

చెత్తబండి వీధిలోకి వచ్చిందంటే మనం ముందు చేసే పని ముక్కు మూసుకోవడం. ఈసారి ఒక్క నిమిషం చెవి ఒగ్గి వినండి. వెనక పెద్ద నోరు తెరుచుకుని చెత్తను నొక్కి లోపలికి సర్దుకునే కాంపాక్టర్ బండి బాగుంటే ఆ నోరు ఒకే శ్రుతిలో ఆడుతుంది. ఇనుము మీద ఇనుము గీకినట్టు కీచుమందా... ఏదో అరిగిపోయిందన్నమాటే!

చెత్తను బండిలోనే నొక్కడం కొత్తేమీ కాదు. అమెరికాలో గార్‌వుడ్ కంపెనీ 1938లోనే 'లోడ్ ప్యాకర్' పేరుతో అలాంటి బండి తెచ్చింది. ఇప్పుడు మనం ఎక్కువగా చూసే బళ్లలో, తొట్టిలో పడ్డ చెత్తను ఓ ఇనుప పలక ఊడ్చి పట్టుకుంటుంది. దాన్ని మోసే మరో పలక పట్టాల మీద పైకి జారుతూ పెట్టెలోకి కుక్కుతుంది. ఆ బలమంతా నూనెది. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త అటూ ఇటూ. ఇక్కడ నూనె ఒత్తిడి వంద బార్ల పైమాటే.

ఇంత బలమైన పలక జారేది మాత్రం నైలాన్ లాంటి దిమ్మెల మీద. పట్టాలు అరగకుండా తాము అరిగిపోవడమే వాటి ఉద్యోగం, మన చెప్పుల అడుగులాగా. అవి అరిగేకొద్దీ సందు పెరిగి పలక ఓ పక్కకు ఒరుగుతుంది. మెకానిక్ దిమ్మె వెనక పల్చటి రేకులు (షిమ్ములు) పెట్టి సందు సరిచేస్తాడు. మరీ బిగిస్తే పలక పట్టేస్తుంది. ఓ వైపు కొత్త దిమ్మె వేసి రెండోవైపు పాతది ఉంచేస్తే అదేం పొదుపు? పలక మళ్లీ వంకరే. పట్టించుకోకపోతే పట్టాలకే గాడి పడుతుంది. ఇక కోతలూ వెల్డింగులూ! బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ చెత్త మన వీధిలో.

గ్రీజుకూ ఓ వరస ఉంది. బండి కడిగాకే కొట్టాలి. ముందే కొడితే నీళ్లతోపాటే పోతుంది. పాత నల్లగ్రీజు బయటికి వచ్చి, కొత్తది కనిపించేదాకా కొట్టాలి. మన చెత్తలో తడి ఎక్కువ. పులిసిన చారూ మజ్జిగా ఇనుమును తినేస్తాయి. వెనక తలుపు రబ్బరు పాడైతే ఆ రసమే రోడ్డు మీద కారి, వెనకొచ్చే స్కూటర్లు జారతాయి. ఇసుకైతే దిమ్మెల సందులో చేరి గరుకుకాగితంలా గీకుతుంది. ఇల్లు బాగుచేయించిన పెచ్చులూ టైల్సు ముక్కలూ ఇంటిచెత్తలో కలపొద్దని 2016 నాటి నిబంధనలే చెప్పాయి. గుట్టుగా సంచీలో కట్టి పడేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు!

వీటన్నిటికంటే పెద్దది మెకానిక్ ప్రాణం. పైకెత్తిన వెనక తలుపును నిలబెట్టేది నూనే. గొట్టం పగిలితే టన్నుల బరువు కిందికొస్తుంది. అందుకే ఇనుప ఆనుడుకడ్డీ పెట్టకుండా దాని కింద తల దూర్చకూడదు. ఇంజిన్ ఆపి, తాళంచెవి తన జేబులోనే వేసుకోవాలి. టీ తాగొచ్చిన డ్రైవరుకు లోపల మనిషున్నాడని ఎలా తెలుస్తుంది? నూనె ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడటం మరీ ప్రమాదం. సూదంత ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లిపోతుంది. అట్టముక్క అడ్డంపెట్టి చూడాలి. గాయం పైకి చీమ కుట్టినంతే కనిపించినా, వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు.