జిమ్ములో గాలి ఎలా ఉంది?

"డాక్టరుగారూ! రోజూ సాయంత్రం జిమ్ముకు వెళ్తున్నాను. అరగంట గడిచేసరికి తలనొప్పి, గొంతులో మంట, దగ్గు. ఆదివారం ఆరుబయట అంతసేపు పరుగెత్తినా ఏ బాధా ఉండదు. వ్యాయామం నాకు పడదా?" అని ఒక పాఠకుడు అడిగారు.

వ్యాయామం పడకపోవడం కాదు. ఆరుబయట లేని బాధ గదిలోనే వస్తోందంటే ముందు అనుమానించవలసింది ఆ గదిలోని గాలిని.

ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి సుమారు 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాం. గట్టిగా వ్యాయామం చేస్తే అది 60 లీటర్లు దాటుతుంది. పైగా రొప్పుతూ నోటితో పీలుస్తాం. ముక్కు గాలిని వడకట్టి, తేమపరచి లోపలికి పంపుతుంది. నోటికి ఆ సామర్థ్యం లేదు. కనుక గదిలోని దుమ్ము, నేల తుడిచిన మందుల ఘాటు, సెంటు స్ప్రేలు, పక్కవాడి జలుబు క్రిములు అన్నీ ఎక్కువ మోతాదులో ఊపిరితిత్తులకు చేరతాయి.

"ఏ.సి. ఉందిగా!" అంటారేమో. గోడకు బిగించే స్ప్లిట్ ఏ.సి.లలో చాలావరకు బయటి గాలిని తీసుకురావు. ఉన్న గాలినే చల్లబరచి మళ్ళీ మన మీదికే వదులుతాయి. చల్లగాలి వేరు, మంచిగాలి వేరు.

ఇది చిన్న విషయం కాదు. 2020లో దక్షిణ కొరియాలోని చోనాన్ నగరంలో డాన్సు వ్యాయామ తరగతుల మూలంగా 12 కేంద్రాలకు సంబంధించి 112 మందికి కోవిడ్ సోకింది. చిన్న గదులు, కిక్కిరిసిన జనం, రొప్పు - ఇవే కారణమన్నారు వైద్యులు. వ్యాధి ఉన్న ఒక శిక్షకురాలు ఏడెనిమిది మందికి యోగా, పిలాటీస్ నేర్పితే వారిలో ఎవరికీ సోకలేదు.

మరి మీరేం చేయాలి?

రద్దీ తక్కువగా ఉండే వేళ వెళ్ళండి. కిటికీలు తెరవమని, ఎగ్జాస్టు ఫ్యాను వేయమని యజమానిని అడగండి. గాలి వచ్చే దారి లేనిదే ఫ్యాను ఒక్కటీ చాలదు. కిటికీ పక్కనే వాహనాల పొగ ఉంటే రద్దీ లేని వేళ తెరవాలి. ఘాటైన మందులతో తుడవడం జిమ్ము మూసిన తరువాత చేయమనండి. కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటర్లు దొరుకుతున్నాయి. ఆరుబయట అంకె 420 ప్రాంతంలో ఉంటుంది. గదిలో 1000 దాటిందంటే అక్కడున్న జనానికి కొత్త గాలి చాలడం లేదన్నమాట.

ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలరు దగ్గర ఉంచుకోవాలి, నెమ్మదిగా మొదలుపెట్టాలి. జలుబు, జ్వరం ఉన్న రోజున ఇంటిపట్టునే ఉండండి.

ఒక హెచ్చరిక. దగ్గుతోపాటు పిల్లికూతలు వస్తుంటే డాక్టరుకు చూపించి ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోండి. ఛాతీలో బరువు, చేతికీ దవడకూ పాకే నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం నెపం గాలిమీదకు నెట్టకండి. వెంటనే వ్యాయామం ఆపి ఆస్పత్రికి వెళ్ళండి.

వ్యాయామం మానవద్దు. చందా కట్టేముందు యంత్రాలు, అద్దాలు చూస్తారు కదా, ఈసారి కిటికీలు కూడా చూడండి!