క్రూయిజ్ యాత్ర: మూడేళ్లు నిండని పిల్లల మాటేమిటి?

క్రూయిజ్ ప్రయాణికుల సంఖ్యను 2029 నాటికి రెట్టింపు చేయాలన్న లక్ష్యంతో కేంద్రం 2024 సెప్టెంబరు 30న ముంబయిలో ‘క్రూయిజ్ భారత్ మిషన్’ను ప్రారంభించింది. విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ అంతకు ఏడాది ముందే ప్రారంభమైంది. రేవుల సంగతి సరే, పసిపిల్లలతో ఓడ ఎక్కే కుటుంబాలకు అసలు చిక్కు లోపలే ఎదురవుతుంది.

ప్రకటనల్లో మెరిసే ‘కిడ్స్ క్లబ్’ పిల్లలందరికీ కాదు. రాయల్ కరీబియన్ ఓడల్లో ఉచిత క్లబ్‌లో చేర్చుకోవాలంటే బిడ్డకు మూడేళ్లు నిండాలి, డైపర్ అలవాటు మాని ఉండాలి. అంతకన్నా చిన్నవారికి నర్సరీ ఉన్నా, గంటల లెక్కన రుసుము వేరు. డిస్నీ ఓడల్లోనూ అంతే. ఆరు నెలలు నిండని శిశువులను ఈ రెండు సంస్థలూ అసలు ఓడ ఎక్కనివ్వవు; మహాసముద్రాలు దాటే యాత్రలకైతే ఏడాది నిండాలి. డైపర్ వాడే పిల్లలకు ప్రధాన ఈతకొలనుల్లోనూ ప్రవేశం ఉండదు.

కనుక రెండేళ్ల బిడ్డ ఉన్న దంపతులకు నీటి జారుడుబల్లల ఎత్తు కన్నా నర్సరీ తెరిచి ఉండే వేళలే ముఖ్యం. లేకుంటే రాత్రి ప్రదర్శనకు ఒకరు వెళితే, మరొకరు గదిలో బిడ్డను జోకొడుతూ కూర్చోవాలి. మన రేవుల నుంచి రెండు మూడు రాత్రుల యాత్రకు బయలుదేరేవారు సైతం వయోపరిమితి, రుసుము, వేళలను టికెట్ కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు.