72 గంటల్లో రావాల్సిన జవాబు

హైదరాబాద్‌లో మలేరియా విభాగంలో పనిచేసే ఓ ఉద్యోగి 2002 జూలైలో చలిజ్వరంతో బాధపడుతున్న భార్యను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు మందులు వాడారు. నాలుగు రోజుల తర్వాత మరో ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే ఆమె పరిస్థితి చేయిదాటిపోయింది. మలేరియాకు తాను చికిత్స చేయలేదని మొదటి ఆస్పత్రి తరఫు డాక్టరే ఆ తర్వాత విచారణలో చెప్పారు. జిల్లా వినియోగదారుల ఫోరం రూ. 2 లక్షల పరిహారం ఇమ్మంది. నిపుణుల అభిప్రాయం సమర్పించలేదంటూ రాష్ట్ర కమిషన్ ఆ తీర్పును కొట్టేసింది. జాతీయ కమిషన్ దానికే వంతపాడింది. చివరికి 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టింది. ప్రతి వైద్య నిర్లక్ష్యం కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని తేల్చింది.

ఆ తీర్పును న్యాయవాదులు ఇప్పటికీ ఉటంకిస్తారు. కానీ గమనించాల్సింది ఇంకొకటుంది. చలిజ్వరం అంటే ఏమిటో ఆ భర్తకు ఉద్యోగరీత్యా తెలుసు. ఏం జరిగిందో, ఏం జరగలేదో ఆయన ఊహించగలిగారు. అయినా ఎనిమిదేళ్లు పట్టింది. కేస్‌షీట్‌లో రాసిన అక్షరం కూడా అర్థం కాని కుటుంబం ఏం చేయాలి?

చట్టాలు లేవని చెప్పడానికి లేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 నాటి కొత్త చట్టంలో 'ఆరోగ్య సేవ' అన్న మాట లేదు కాబట్టి తాము తప్పించుకున్నట్టేనని కొందరు డాక్టర్లు వాదించారు. 2022లో ఆ వాదన కూడా వీగిపోయింది. చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు అక్కర్లేదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. మామూలు కేసును మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. చట్టంలోని నెలలకూ కోర్టు హాళ్లలోని నెలలకూ పొంతన ఉండదన్నది వేరే సంగతి. నిమ్స్‌లో 1990లో జరిగిన ఆపరేషన్ తర్వాత నడుము కింది భాగం చచ్చుబడిన ఓ ఇంజనీరింగ్ విద్యార్థికి సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ప్రకటించింది 2009లో. చక్రాల కుర్చీలో కూర్చుని ఆయన తన కేసు తానే వాదించుకున్నారు.

ఇలాంటి పోరాటాల పేరు చెప్పి మన వ్యవస్థ పనిచేస్తోందనుకోవడం పొరపాటు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్న కుటుంబం మొదట అడిగేది పరిహారం కాదు. "రాత్రి బాగానే మాట్లాడాడు కదా, తెల్లారేసరికి ఏమైంది?" అని అడుగుతుంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి ఆ సమయంలో కనిపించడు. డ్యూటీ డాక్టర్ పెద్ద డాక్టర్‌ని అడగమంటారు. పెద్ద డాక్టర్ ఆపరేషన్ థియేటర్‌లో ఉంటారు. బిల్లింగ్ కౌంటర్ మాత్రం తెరిచే ఉంటుంది. జవాబు దొరకని చోట అనుమానం పెరుగుతుంది. అక్కడి నుంచి పగిలిన అద్దాల దాకా దూరం ఎక్కువేమీ కాదు. దాడుల నుంచి వైద్య సిబ్బందిని కాపాడటానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో ప్రత్యేక చట్టం చేసింది. అది అవసరమే. డాక్టర్‌ను కొట్టడాన్ని ఏ దుఃఖమూ సమర్థించదు. కాకపోతే దాడి చేస్తే శిక్ష ఏమిటో చెప్పే బోర్డు పక్కనే, అనుమానం వస్తే ఎవరిని అడగాలో చెప్పే బోర్డు కూడా ఉండాలి కదా.

చిత్రమేమిటంటే, ఆ ప్రశ్నకు సగం జవాబు రాబట్టే నిబంధన 2002 నుంచీ ఉంది. నాటి భారత వైద్య మండలి తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం రోగి గానీ, అధీకృత సహాయకుడు గానీ అడిగితే వైద్య రికార్డులను 72 గంటల్లోగా ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. మండలి పోయి జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. 2023లో అది కొత్త నియమావళి తెచ్చి, గొడవ కావడంతో అదే నెలలో పక్కన పెట్టింది. కాబట్టి పాతదే అమల్లో ఉంది. తేదీ వేసి, రెండు ప్రతుల్లో రాసి, ఒకదాని మీద ఆస్పత్రి ముద్ర వేయించుకున్న అర్జీకి ఈ నిబంధన బలం ఉంటుంది. నోటిమాటతో అడిగినదానికి ఉండదు. అడిగినా ఇవ్వకపోతే అదే ఒక ఫిర్యాదు అవుతుంది. ప్రభుత్వ ఆస్పత్రికైతే సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టొచ్చు. దానికి గడువు 30 రోజులు.

ఆ కాగితాలు తీసుకుని వెళ్లాల్సిన చోటు రాష్ట్ర వైద్య మండలి. ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలని అదే నియమావళి చెబుతోంది. అయితే అక్కడ తీర్పరులు డాక్టర్లే. పైగా 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలో రాష్ట్ర మండలి నిర్ణయం నచ్చకపోతే పైకి అప్పీలు చేసే హక్కు డాక్టర్‌కు ఉన్నట్టు స్పష్టంగా రాశారు. రోగి ఊసు లేదు. చట్టం రాసిన వాళ్ల దృష్టిలో బాధితుడు ఎవరన్నది ఇక్కడే తెలిసిపోతోంది.

ప్రభుత్వ ఆస్పత్రుల సంగతి మరీ అధ్వానం. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోట రోగి వినియోగదారుడు కాడని శాంత తీర్పే చెప్పింది. అంటే పీహెచ్‌సీలో, జిల్లా ఆస్పత్రిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ తలుపు మూసేసినట్టే. ఆమె సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తుంది. అది 'తగు చర్య నిమిత్తం' ఏ ఆస్పత్రి మీద ఫిర్యాదు చేసిందో ఆ ఆస్పత్రి సూపరింటెండెంట్ బల్ల మీదికే చేరుతుంది. ఆయన నివేదిక పంపిస్తారు. కంప్యూటర్‌లో ఫిర్యాదు 'పరిష్కృతం' అవుతుంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టినప్పుడు నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్రలను కూర్చోబెట్టడం మంచి ఆలోచన. అడగడానికి ఎదురుగా ఒక మనిషి దొరికారు. కానీ వారి పని పథకం కాగితాల దగ్గరే ఆగిపోతుంది. వైద్యం గురించి నిలదీసే అధికారం వారికి లేదు.

జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో 17 హక్కులతో రోగుల హక్కుల పత్రం రూపొందించింది. చివరిది ఫిర్యాదు హక్కు. ప్రతి ఆస్పత్రిలో అంతర్గత యంత్రాంగం ఉండాలి, 15 రోజుల్లో లిఖితపూర్వక జవాబివ్వాలి అంటుంది. బాగుంది. అది పత్రమే తప్ప చట్టం కాదు.

చట్టంలో మెట్లు కట్టిన చోటు ఒకటుంది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టులో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు మంటల్లో చిక్కుకుని 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడ చేర్చినది కుటుంబాలే. లోపల ఏం జరుగుతోందో అడిగేవారు లేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సేవల్లో లోపాలపై మొదట ఆస్పత్రి బాధ్యుడైన వైద్యాధికారికి, తర్వాత సమీక్ష మండలికి, ఆపైన రాష్ట్ర ప్రాధికార సంస్థకు ఫిర్యాదు చేసే హక్కు కల్పించింది. జ్వరంతో చేరిన రోగికి లేని నిచ్చెన ఇది. వృద్ధాశ్రమాల విషయానికొస్తే 14567 హెల్ప్‌లైన్ ఉంది. ఫోన్ ఎత్తుతారు. మందలించే అధికారం వేరే వాళ్లది.

డాక్టర్ల భయాన్నీ కొట్టిపారేయలేం. నోరు విప్పితే ఆ మాటే రేపు సాక్ష్యమవుతుందని వాళ్ల లాయర్లు హెచ్చరిస్తారు. బ్రిటన్‌లోనూ ఇదే పరిస్థితి ఉండేది. క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదని అక్కడ 2006లో చట్టం చేశారు. స్టాఫర్డ్ ఆస్పత్రిలో రోగులను గాలికొదిలేసిన తీరుపై కుటుంబాలు ఏళ్ల తరబడి పోరాడాక 2013లో విచారణ నివేదిక వచ్చింది. మరుసటి ఏడాది, హాని జరిగితే ఆ విషయం రోగికో కుటుంబానికో తామే చెప్పాల్సిన బాధ్యతను ప్రభుత్వ ఆస్పత్రులపై పెట్టారు. అలాంటిది ఇక్కడ తేవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

అప్పటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోని దారి ఒకటుంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టానికి 2002లో చేసిన సవరణతో శాశ్వత లోక్ అదాలత్‌లు వచ్చాయి. అవి చూసే ప్రజోపయోగ సేవల జాబితాలో రవాణా, కరెంటు, నీళ్లతో పాటు ఆస్పత్రి సేవలూ ఉన్నాయి. కోర్టు ఫీజు లేదు. కోటి రూపాయల విలువ దాకా వివాదాలు తీసుకోవచ్చు. ముందు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నిస్తారు. కుదరకపోతే, క్రిమినల్ నేరం కాని పక్షంలో, వారే తీర్పు చెప్పొచ్చు. వినియోగదారుల చట్టం కూడా మధ్యవర్తిత్వానికి ఒక అధ్యాయం కేటాయించింది గానీ, వైద్య నిర్లక్ష్యంతో మరణం, తీవ్ర గాయం జరిగిన కేసులను 2020 నిబంధనలు అందులోంచి తప్పించాయి. అంటే ఎక్కడ ఎదురెదురుగా కూర్చోవాల్సిన అవసరం ఎక్కువో అక్కడే కుర్చీలు తీసేశారు.

లోక్ అదాలత్‌కూ పరిమితులున్నాయి. బెంచిలో డాక్టర్ ఉండాలని లేదు. క్లిష్టమైన శస్త్రచికిత్సలో తప్పెవరిదో తేల్చడానికి అది సరైన చోటు కాకపోవచ్చు. రికార్డులు ఇవ్వకపోవడం, బిల్లు కట్టలేదని మృతదేహాన్ని ఆపడం, చేయని పరీక్షకు డబ్బు వసూలు చేయడం లాంటి వాటికి మాత్రం వినియోగదారుల కమిషన్ కంటే దగ్గరి దారి. అయితే వేరే ఏ కోర్టుకూ వెళ్లకముందే అక్కడికి వెళ్లాలి. ఒకసారి అర్జీ పెట్టాక అదే వివాదంపై మరో కోర్టుకు వెళ్లడానికి వీల్లేదు. తీర్పుపై అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ ఒక్కటే మిగులుతుంది. అన్ని జిల్లాల్లోనూ ఇవి లేవు. మీ జిల్లాలో ఉందో లేదో కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో చెబుతారు. వెళ్లేటప్పుడు ముద్ర వేయించుకున్న ఆ 72 గంటల అర్జీ ప్రతిని వెంట తీసుకెళ్లాలి.